ముందు అమ్మకం, తర్వాత తయారీ



ఒక దేశం ఉంది. అక్కడ ఫ్యాక్టరీలన్నీ సర్కారువే. ఏ సరుకు ఎంత చెయ్యాలో, ఎవరికి ఇవ్వాలో పైనుంచి కాగితం వస్తుంది. కొన్నేళ్లకి ఆ పద్ధతి సడలుతుంది. బయటి సరుకు రావడం మొదలవుతుంది. ఎవరి వ్యాపారం వాళ్లు చేసుకోండి అంటారు. కానీ వ్యాపారానికి కావలసిన చట్టాలు సగమే ఉంటాయి. నమ్మి అప్పిచ్చే బ్యాంకు ఉండదు. ఊరూరా డీలర్లు ఉండరు. పాతది పోతూ ఉంటుంది, కొత్తది వచ్చీ రానట్టు ఉంటుంది. దీన్నే ఆర్థికవేత్తలు పరివర్తన దశ అంటారు. 1980లలో చైనా అలాంటిది. 1990 తర్వాత తూర్పు యూరప్ అలాంటిది.

అలాంటి చోట ఒక కంప్యూటరు కంపెనీ పెట్టాలి. చేతిలో చదువు ఉంది, డబ్బు లేదు. ముందు ఏం చెయ్యాలి? కొత్త యంత్రం కనిపెట్టాలా? ఫ్యాక్టరీ కట్టాలా? లేక ఎవరో చేసిన యంత్రం తెచ్చి అమ్మాలా? ఈ వేళ మన ప్రసంగం ఈ ఒక్క ప్రశ్న మీదే.

ముందు కనిపెట్టిన వాళ్ల సంగతి ఒకటి చెప్తాను.

తూర్పు జర్మనీలో డ్రెస్డెన్ అని ఒక నగరం. అక్కడ రోబోట్రాన్ అనే ప్రభుత్వ సంస్థ ఉండేది. కంప్యూటర్లు, ప్రింటర్లు, టైపు మిషన్లు చేసేది. దాని కింద దాదాపు 68 వేల మంది పనిచేసేవాళ్లు. సామాన్యమైన ఇంజినీర్లు కారు వాళ్లు. 1988 సెప్టెంబరులో ఆ దేశం ఒక మెగాబిట్ మెమరీ చిప్ నమూనా తయారుచేసి, తమ నాయకుడు హోనెకర్ చేతికి అందించింది. పేపర్లలో పెద్ద వార్త అది. మరుసటి ఏడాది నవంబరులో బెర్లిన్ గోడ తెరుచుకుంది. 1990 జూలై 1న పశ్చిమ జర్మనీ మార్కు అక్కడా చెల్లుబాటులోకి వచ్చింది. అంతే. సొంత జనం రోబోట్రాన్ కంప్యూటరు వద్దన్నారు, పశ్చిమం నుంచి వచ్చిన పీసీ కావాలన్నారు. అంతవరకూ కొంటూ వచ్చిన సోవియట్ యూనియన్‌కి మార్కుల్లో చెల్లించే స్తోమత లేదు. ఆ వేసవిలోనే సంస్థను ముక్కలు చేసేశారు.

వాళ్లకి యంత్రం చెయ్యడం వచ్చు. దాన్ని ఎవరు కొంటారు, ఎందుకు కొంటారు అన్నది మాత్రం తెలుసుకోవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. సర్కారే కొనేది మరి.

ఇప్పుడు బీజింగ్ వెళ్దాం. 1984.

చైనా విజ్ఞాన అకాడమీ కింద ఒక కంప్యూటరు పరిశోధన సంస్థ ఉంది. అందులో పనిచేసే పదకొండు మంది కలిసి ఒక కంపెనీ పెట్టారు. నాయకుడి పేరు లియు చువాన్‌జీ. అప్పటికి ఆయనకి నలభై ఏళ్లు. సంస్థ ఇచ్చిన పెట్టుబడి 2 లక్షల యువాన్లు. ఇచ్చిన చోటు గేటు దగ్గర కాపలా గది. అదే ఆఫీసు. ఈ కంపెనీనే మొదట లెజెండ్ అని, తర్వాత లెనోవో అని ప్రపంచం పిలిచింది. మీ ఇంట్లో పిల్లల లాప్‌టాప్ మీద ఆ పేరు చూసే ఉంటారు.

పరిశోధన సంస్థలో వీళ్ల పని ఎలా ఉండేదో తెలుసా? ఏళ్ల తరబడి కష్టపడి ఒక పెద్ద కంప్యూటరు చేస్తారు. నిపుణుల సంఘం వచ్చి చూస్తుంది. బాగుందని సర్టిఫికెట్ ఇస్తుంది. బహుమతి కూడా ఇస్తుంది. ఆ తర్వాత ఆ యంత్రం బజారు మొహం చూడదు. మళ్లీ ఇంకో యంత్రం మొదలుపెడతారు. లియుకి ఇది విసుగొచ్చింది. చేసినది నలుగురికీ చేరాలి అన్నది ఆయన పట్టుదల.

అయితే మొదటి నెలల్లో వీళ్లు చేసిన పనులు చూస్తే నవ్వొస్తుంది. శాస్త్రవేత్తలు కదా, వ్యాపారం తెలీదు. చేతి గడియారాలు అమ్మారు. చక్రాల బూట్లు అమ్మారు. కలర్ టీవీలు తెచ్చి అమ్ముదామని అడ్వాన్సు ఇచ్చి మోసపోయారు. 2 లక్షల పెట్టుబడిలో లక్షా నలభై వేలు అలా పోయాయి. లెనోవో విజయగాథలు రాసేవాళ్లు ఈ భాగం ఒక్క వాక్యంలో దాటేస్తారు. నా మటుకు నాకు అసలు పాఠం ఇక్కడే ఉందనిపిస్తుంది. తెలియని సరుకు అమ్మితే అమ్మకం రాదు. అమ్మకం ముందు అన్నంత మాత్రాన, ఏదో ఒకటి అమ్మెయ్యడం కాదు.

వాళ్ల చేతికి అందివచ్చిన పని వేరు. అకాడమీ 500 ఐబీఎం కంప్యూటర్లు కొంది. అమెరికా నుంచి పెట్టెలు వచ్చాయి. వాటిని విప్పాలి, పరీక్షించాలి, బిగించాలి, వాడేవాళ్లకి నేర్పాలి. ఆ పని లియు బృందానికి దొరికింది. దాని మీద 7 లక్షల యువాన్లు సంపాదించారు. కంపెనీకి ఊపిరి వచ్చింది అప్పుడే.

డబ్బు కంటే ముఖ్యమైనది ఇంకొకటి వచ్చింది. ఆ 500 యంత్రాలు ఎక్కడ తడబడుతున్నాయో చూసే అవకాశం. అదెంత పెద్ద సంగతో చెప్పడానికి ఒక్కసారి మన ఊరికి వద్దాం.

మన మండల కేంద్రంలో ఒక కుర్రాడు బోరు మోటార్ల షాపు పెట్టాడనుకోండి. ఐటీఐ చదివాడు. సొంతంగా మోటారు చెయ్యాలని కోరిక. కానీ చెయ్యడు. ముందు పెద్ద కంపెనీ మోటార్లే తెచ్చి అమ్ముతాడు. పక్కనే వైండింగు బల్ల వేస్తాడు. ఎండాకాలం వస్తుంది. "అన్నా, మోటారు కాలిపోయింది" అని రైతులు ట్రాలీల్లో వేసుకొస్తారు. ఇతను విప్పి చూస్తాడు. మోటారులో లోపం లేదు. మూడు ఫేజుల్లో ఒకటి పోయింది. మిగిలిన రెండు ఫేజుల మీద మోటారు గుర్రుమంటూ ఉండి, వైండింగు మాడిపోయింది. ఇంకో మోటారు, అదే కథ. పదో మోటారు, అదే కథ. అప్పుడు ఇతనికి తెలుస్తుంది. రైతుకి కావలసింది కొత్త మోటారు కాదు. ఫేజు పోగానే మోటారును ఆపేసే చిన్న పెట్టె. అది చేసి స్టార్టరు పక్కన బిగిస్తాడు. మోటారు పెద్ద కంపెనీదే. కాపాడే పెట్టె మాత్రం ఇతనిది.

లెజెండ్ చేసింది అచ్చంగా ఇదే. ఐబీఎం కంప్యూటరు మంచిదే. దానికి చైనా భాష రాదు, అంతే.

ఎందుకు రాదో కొంచెం వివరంగా చెప్తాను, వినండి. చైనా లిపిలో వేల అక్షరాలు. 1980లో అక్కడి ప్రభుత్వం కంప్యూటర్ల కోసం నిర్ణయించిన ప్రమాణంలోనే 6,763 అక్షరాలున్నాయి. ప్రతి అక్షరాన్నీ తెర మీద చుక్కలతో గీయాలి. అడ్డంగా పదహారు, నిలువుగా పదహారు చుక్కలు వేసుకున్నా, అక్షరాలన్నిటి బొమ్మలకీ కలిపి 200 కిలోబైట్ల పైచిలుకు చోటు కావాలి. అప్పటి పీసీలో ప్రోగ్రాములకి దొరికే చోటు మహా అయితే 640 కిలోబైట్లు. అంటే మూడో వంతు అక్షరాల బొమ్మలకే పోతుంది. ఇక లెక్కలు ఎక్కడ చేస్తుంది? నత్తనడక నడుస్తుంది.

ఆ పరిశోధన సంస్థలోనే నీ గ్వాంగ్‌నాన్ అనే ఇంజినీరు ఉన్నాడు. ఆయన ఈ బొమ్మలన్నిటినీ ఒక కార్డు మీది చిప్పుల్లో పెట్టేశాడు. ఆ కార్డును ఐబీఎం కంప్యూటరులోకి గుచ్చితే చాలు. కంప్యూటరు జ్ఞాపకశక్తి చాలావరకు మిగిలిపోతుంది. ఇంకో సదుపాయం కూడా పెట్టాడు. మీరు ఒక అక్షరం కొట్టగానే, దాని తర్వాత సాధారణంగా ఏ అక్షరాలు వస్తాయో వరసగా తెర మీద చూపిస్తుంది. మీరు అంకె నొక్కి ఎంచుకోవచ్చు. ఆ సదుపాయం పేరే చైనాలో కంపెనీకి పేరయింది. 1988లో ఈ కార్డుకి అక్కడి జాతీయ విజ్ఞాన, సాంకేతిక ప్రగతి పురస్కారం మొదటి బహుమతి వచ్చింది.

గమనించారా? కంప్యూటరు వాళ్లు చెయ్యలేదు. కంప్యూటరుకి తక్కువైన ముక్క చేశారు. ఆ ముక్క ఎంత అవసరమో వాళ్లు కళ్లారా చూసింది ఎక్కడ? కొన్నవాడి బల్ల దగ్గర. ఇది మరొక్కసారి చెప్తాను. ముందు అమ్మకం అంటే లాభం కోసం మాత్రమే కాదు. కొన్నవాడి ఇబ్బంది కళ్లతో చూడ్డం కోసం.

ఇంకో లాభం కూడా ఉంది. తెచ్చిన సరుకు అమ్మాలంటే లెక్కలు రాయాలి, స్టాకు చూసుకోవాలి, ఊరూరా మనిషిని పెట్టుకోవాలి, బాకీలు వసూలు చెయ్యాలి. పాత పద్ధతిలో ఇవేవీ ఎవరికీ రావు. లెజెండ్ వాళ్లు ఐబీఎం, ఏఎస్‌టీ, హెచ్‌పీ లాంటి విదేశీ కంపెనీల సరుకు అమ్మారు. డీలర్లను ఎలా నడపాలో హెచ్‌పీ దగ్గరే నేర్చుకున్నామని లియు తర్వాత చెప్పుకున్నాడు. జీతమిచ్చి చదువు చెప్పించుకున్నట్టు కాదు, కమీషను తీసుకుని చదువు నేర్చుకున్నట్టు.

ఇంతవరకూ బాగానే ఉంది. మరి సొంత కంప్యూటరు ఎప్పుడు?

ఇక్కడ పరివర్తన దశ అసలు రంగు బయటపడుతుంది. 1980ల చివర్లో చైనాలో కంప్యూటరు తయారుచెయ్యాలంటే లైసెన్సు కావాలి. ప్రభుత్వం తన పెద్ద సంస్థలకే ఇచ్చింది. లెజెండ్‌కి ఇవ్వలేదు. మన దగ్గర 1991కి ముందు లైసెన్సుల రాజ్యం చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. లియు ఏం చేశాడు? ఢిల్లీ చుట్టూ తిరిగినట్టు బీజింగ్ ఆఫీసుల చుట్టూ తిరుగుతూ కూర్చోలేదు. 1988లో హాంకాంగ్ వెళ్లి అక్కడివాళ్లతో కలిసి కంపెనీ పెట్టాడు. హాంకాంగ్ వాళ్లకి ప్రపంచ బజారు తెలుసు, సాంకేతిక బలం లేదు. బీజింగ్ వాళ్లకి సాంకేతిక బలం ఉంది, బజారు తెలీదు. గుడ్డివాడు కుంటివాణ్ణి భుజాన ఎక్కించుకున్నట్టు అని లియు దానికి పేరు పెట్టాడు. మన పెద్దలు అంధపంగు న్యాయం అనేది ఇదే. అక్కడ మదర్‌బోర్డులు చేసి అమ్మారు. కంప్యూటరులో అన్ని భాగాలూ కూర్చునే పలక అది. చెయ్యగలమని అలా రుజువు చేసుకున్నాక, 1990లో సొంత పేరుతో కంప్యూటరు చైనా బజారులోకి వచ్చింది.

ఇంకో చిక్కు ఉంది. కంపెనీ ఎవరిది? పెట్టుబడి అకాడమీది. కష్టం ఉద్యోగులది. మొదట్లోనే లియు ఒక మాట పుచ్చుకున్నాడు. మనుషుల్ని పెట్టుకోవడం, డబ్బు ఖర్చుపెట్టడం, వ్యాపారం నడపడం, ఈ మూడూ మేమే చూసుకుంటాం అని. సంస్థ డైరెక్టరు సరేనన్నాడు. తర్వాత 1990లలో లాభాల్లో 35 శాతం ఉద్యోగులకి దక్కేలా ఏర్పాటు జరిగింది. ఇది పైకి కనిపించని సంగతి. కానీ ఇలాంటి దేశాల్లో మంచి కంపెనీలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. యజమాని ఎవరో తేలకపోతే రేపటి కోసం ఎవరూ డబ్బు దాచరు.

1990ల మొదట్లో చైనా దిగుమతి సుంకాలు తగ్గించింది. కాంపాక్, ఐబీఎం, ఏఎస్‌టీ లాంటి విదేశీ కంపెనీలు నేరుగా వచ్చిపడ్డాయి. స్వదేశీ బ్రాండ్లు తడబడ్డాయి. రోబోట్రాన్‌కి 1990లో వచ్చిన రోజే లెజెండ్‌కి 1994లో వచ్చింది. అయితే లెజెండ్‌కి అప్పటికి పదేళ్ల అమ్మకపు అనుభవం ఉంది. ఆ ఏడాది యాంగ్ యువాన్‌చింగ్ అనే కుర్రాడికి పీసీల విభాగం అప్పగించారు. వయసు ముప్ఫై కూడా నిండలేదు. సొంత సేల్స్‌మెన్ల గుంపును తగ్గించి, అమ్మకాలు ఊరూరి డీలర్లకి వదిలేశాడు. ధరలు తగ్గించాడు. 1997కల్లా చైనా పీసీ బజారులో లెజెండ్ మొదటి స్థానానికి వచ్చింది.

నాకు బాగా నచ్చిన సంగతి దాని తర్వాతది. 1999. ఇంటర్నెట్ కొత్త. ఇంట్లో పెట్టుకోవాలంటే టెలిఫోన్ ఆఫీసుకి వెళ్లి దరఖాస్తు పెట్టాలి, అకౌంటు తెచ్చుకోవాలి, మోడెం సెట్ చేసుకోవాలి. ఇంట్లో పెద్దవాళ్లకి అది కొరుకుడు పడదు. లెజెండ్ ఒక కంప్యూటరు తెచ్చింది. దాని మీద ఒక మీట. నొక్కితే ఇంటర్నెట్. కనెక్షను కంప్యూటరుతోనే వచ్చేస్తుంది. అందులో గొప్ప ఆవిష్కరణ ఏముంది? ఏమీ లేదు. మన వైండింగు షాపు కుర్రాడి పెట్టె లాంటిదే. కానీ ఆ మీట అక్కడ ఉండాలని అమెరికాలో కూర్చున్నవాడికి తట్టదు.

ఆ తర్వాత కథ మీకు తెలిసిందే. 2004 డిసెంబరులో, ఏ ఐబీఎం పెట్టెలు విప్పి బతికారో ఆ ఐబీఎం పీసీ వ్యాపారాన్నే కొంటున్నామని ప్రకటించారు. అప్పుల బాధ్యతతో కలిపి 175 కోట్ల డాలర్ల బేరం. 2005 మేలో అది పూర్తయింది. 2013లో ప్రపంచంలో ఎక్కువ పీసీలు అమ్మే కంపెనీ అయింది.

ఇక్కడ ఆపేస్తే కథ అందంగా ఉంటుంది. కానీ అటువైపు వాదం కూడా వినాలి.

ఆ అక్షరాల కార్డు చేసిన నీ గ్వాంగ్‌నాన్ ఉన్నాడే, ఆయన 1994లో మనం సొంత చిప్పులు చెయ్యాలి అన్నాడు. లియు వద్దన్నాడు. మన దగ్గర అంత డబ్బు లేదు, ఓడితే కంపెనీయే ఉండదు అన్నాడు. ముందు వ్యాపారం, తర్వాత తయారీ, ఆ తర్వాతే సాంకేతికత, ఇదీ లియు వరస. ముందు సాంకేతికత అన్నది గ్వాంగ్‌నాన్ వరస. పదేళ్లు భుజం భుజం కలిపి పనిచేసిన ఇద్దరూ విడిపోయారు. 1995లో నీ గ్వాంగ్‌నాన్‌ని చీఫ్ ఇంజినీరు పదవి నుంచి తప్పించారు. చైనాలో ఈ తగవు ఇప్పటికీ తెగలేదు. అమెరికా చిప్పుల అమ్మకం మీద ఆంక్షలు పెట్టినప్పుడల్లా, గ్వాంగ్‌నాన్ మాట విని ఉంటేనా అని అక్కడివాళ్లు మళ్లీ తవ్వుతారు.

ఎవరిది సరైన మాట? 1984లో లియుదే. అందులో నాకు అనుమానం లేదు. మోసపోయాక చేతిలో 60 వేల యువాన్లు మిగిలినవాడు చిప్పులు చెయ్యలేడు. కానీ 1994లో? 1997లో, బజారులో మొదటి స్థానం వచ్చాక? అప్పుడు మూడో అడుగు ఇంకొంచెం గట్టిగా వేసి ఉండవలసింది. వరస తప్పు కాదు. రెండో మెట్టు మీద మరీ ఎక్కువసేపు నిలబడ్డారు. లాభం వస్తున్నచోట కాళ్లు కదలవు, ఎవరికైనా అంతే.

కదిలినవాళ్లూ ఉన్నారు. షెన్‌జెన్‌లో 1987లో రెన్ జెంగ్‌ఫే అనే మాజీ సైనిక ఇంజినీరు 21 వేల యువాన్లతో హువావే పెట్టాడు. ఆయనా అమ్మకంతోనే మొదలుపెట్టాడు. ఆఫీసుల్లో వాడే చిన్న టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు హాంకాంగ్ నుంచి తెచ్చి అమ్మేవాడు. కానీ వచ్చిన డబ్బంతా సొంత ఎక్స్ఛేంజీ తయారీలో పోశాడు. 1990ల మొదట్లోనే పెద్ద డిజిటల్ ఎక్స్ఛేంజీ చేసేశాడు. నగరాల్లో విదేశీ కంపెనీలు పాతుకుపోయి ఉన్నాయి కాబట్టి, వాళ్లు పట్టించుకోని పల్లెలకీ చిన్న పట్నాలకీ ముందు అమ్మాడు. 1998లో కంపెనీ తనకోసం ఒక నియమావళి రాసుకుంది. అమ్మకాల్లో కనీసం 10 శాతం పరిశోధనకి పెట్టి తీరాలి అని అందులో రాశారు. లాభం వస్తే పెడతాం అనలేదు. అమ్మకం జరిగితే చాలు, పదో వంతు పక్కకి పోవలసిందే.

మళ్లీ మన షాపు కుర్రాడి దగ్గరికి వస్తాను, ఒక్క నిమిషం. మీలో ఎవరైనా ఇలాంటి పనిలో ఉండొచ్చు. డ్రోన్లు అమ్ముతుండొచ్చు, సోలార్ పలకలు బిగిస్తుండొచ్చు, సీసీ కెమెరాలు పెడుతుండొచ్చు. రెండు పనులు చెయ్యండి. రిపేరుకి వచ్చిన ప్రతి వస్తువూ ఎందుకు పాడైందో ఒక నోటుపుస్తకంలో రాయండి. పేరు, ఊరు, ఏం పోయింది, ఎందుకు పోయింది. ఏ కారణం మాటిమాటికీ కనిపిస్తుందో దాని పక్కన గుర్తు పెట్టండి. మీరు చెయ్యవలసిన మొదటి సొంత వస్తువు అక్కడ దొరుకుతుంది. రెండోది, ప్రతి బిల్లు మీదా కొంత పక్కన పెట్టండి. పది శాతం కుదరకపోతే రెండు శాతం. కానీ నెలాఖరున మిగిలితే పెడదాం అనుకోకండి, బిల్లు చించినప్పుడే తీసి పెట్టండి. ఆ సొమ్ముతో మొదట కొనవలసింది కొత్త స్టాకు కాదు, పాడైన వస్తువును పరీక్షించే పరికరం.